చెవులు ఒకటి, ముక్కు అర

జతల తాతకు లెక్కలు రావని అన్నవాళ్ల నోట్లో పురుగులు పడతాయి. ఎందుకు రావు, బ్రహ్మాండంగా వచ్చు. కాకపోతే ఆయనకు వచ్చిన లెక్క లోకంలో ఇంకెవరికీ రాదు, అదొక్కటే చిక్కు.

ఆయనది చెప్పుల కొట్టు. ఒకవైపు గడియారాలు బాగుచేసే కొట్టు, ఇంకోవైపు మందుల షాపు, మధ్యలో ఈయన ఇరుక్కుని ఉంటాడు. లోపల మూడు గోడలకూ చెక్క పలకలు, వాటి మీద వరసగా చెప్పులు, బూట్లు, పిల్లలవి, పెద్దలవి. ఏ రకమైనా సరే, ఒక్క కాలిదే పలక మీద ఉంటుంది. రెండోది అటక మీద అట్టపెట్టెలో ఉంటుంది. రెండూ బయట పెడితే మనిషి సాయం లేకుండానే నడిచి వెళ్లిపోతాయని ఆయన వాదన. బేరం కుదిరితే నిచ్చెన ఎక్కి రెండోదాన్ని దింపుతాడు.

పెళ్లి కాకముందు నుంచీ ఇదే పని. చేసి చేసి ఆ పెద్దమనిషి బుర్ర జతలకు అలవాటు పడిపోయింది. బస్‌స్టాపులో ఎంతమంది ఉన్నారని అడిగితే "మూడున్నర" అంటాడు. పక్కకొట్టు గడియారాలాయన "అన్నయ్యా, టీలు ఎన్ని చెప్పమంటావ్?" అని కేకేస్తే "ఒకటి" అంటాడు. అంటే రెండు గ్లాసులు రావాలి. మొదట్లో ఒక్కటే వచ్చేది, ఈయన టీ అతని మీద ఎగిరిపడేవాడు. ఇప్పుడు టీ అతను కూడా దారికొచ్చాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మన తాత. ఇంకా గట్టిగా నిలదీస్తే ఒకటిన్నర అంటాడు.

ఆ కొట్టు భాషలో మాటలు మూడే. రెండు కాళ్లవీ కలిసి ఉంటే 'ఒకటి'. పలక మీద ఉన్నదాని జోడు పెట్టెలో ఉంటే, పలక మీదిది 'అర'. జోడు ఎలక కొరికో, ఎవరో ఎత్తుకుపోయో ఇక ఎప్పటికీ దొరకనిది 'ఒంటి'. ఒంటివన్నీ మూలనున్న గోనెసంచిలోకి పోతాయి. పారెయ్యడానికి ఆయనకు మనసు రాదు, లెక్కపెట్టడానికి మనసొప్పదు.

"ఒంటిది లెక్కలోకి రాదు," అంటాడు. ఆ మాట ఆయనకు వేదం.

ఇదంతా ఆయనవరకే ఉంటే ఎవరికీ నష్టం లేదు. మనవరాలికి కూడా అంటుకోవడంతో వచ్చింది తంటా.

మనవరాలిని ఇంటిల్లిపాదీ పిడుగు అంటారు. కూతురి కూతురు. ఆ కూతురు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది, అల్లుడు సరుకు లారీ మీద ఊళ్లు తిరుగుతాడు, అందరూ ఉండేది ఒకే ఇంట్లో. మధ్యాహ్నం పిల్లను చూసుకునేవాళ్లు లేక కూతురు కొట్టులో దింపి వెళ్తుంది. "నాన్నకి భారం అవుతోందేమో" అని ఆ అమ్మాయి బెంగ. భారమా! అమ్మమ్మ బతికున్న రోజుల్లో మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని వచ్చి, గల్లాపెట్టె పక్క స్టూలు మీద కూర్చుని, సాయంత్రం దాకా కబుర్లు చెప్పేది. ఆవిడ పోయాక ఆ స్టూలు ఖాళీ అయింది. బేరాలు లేని ఆ రెండు మూడు గంటలూ తాతకు గండంలా గడిచేవి. స్టూలు వైపు చూడకుండా ఉండటానికి దుమ్ము లేని బూట్లకు కూడా దుమ్ము దులిపేవాడు. ఇప్పుడా స్టూలు మీద పిడుగు కూర్చుని కాళ్లూపుతోంది. తాతకు మళ్లీ మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని ఉంటోంది.

పిల్లకు బడి వయసొచ్చింది. చేర్చుకునే ముందు టీచరు ఒకసారి పిల్లతో మాట్లాడతానంది. తల్లి వెళ్లింది, తాతా వెళ్లాడు. వద్దన్నా వెళ్లాడు. "లెక్కలు నేను నేర్పినవే, నేను లేకపోతే ఎలా?" అని కొత్త చొక్కా కూడా వేసుకున్నాడు.

టీచరు చిన్నపిల్లే, కళ్లజోడు నెత్తి మీద పెట్టుకుని దాన్ని బల్లంతా వెతుక్కుంటోంది. దొరికాక పిడుగుని దగ్గరకు పిలిచింది.

"నీకు చెవులెన్ని, బంగారం?"

"ఒకటి."

"ఒకటా? కళ్లు?"

"ఒకటి."

"మరి ముక్కు?"

పిడుగు ముక్కు తడుముకుని చూసుకుంది. "అర."

తాత సంతృప్తిగా తలాడించాడు. తల్లి మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"కుక్కకి కాళ్లెన్ని?" టీచరు అప్పటికే పెదవి కొరుక్కుంటోంది.

"రెండు. మా వీధిలో కుంటికుక్కకి ఒకటిన్నర."

"మరి మీ ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?"

పిడుగు ఆలోచించింది. "అమ్మా నాన్నా ఒకటి. నేను అర, నాకు జోడు ఇంకా దొరకలేదు."

"తాత?"

"అమ్మమ్మ పోయింది కదా, తాత ఒంటి. ఒంటిది లెక్కలోకి రాదు."

అంతవరకూ మురిసిపోతున్న తాత ఆ మాటకు చటుక్కున తల దించుకున్నాడు. నేర్పింది ఆయనే, అప్పజెప్పింది పిల్ల. తప్పు పట్టడానికి వీలే లేదు.

విషయం బోధపడ్డాక టీచరు నవ్వాపుకోలేక కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంది. "తాతగారూ, పిల్లకి లెక్క రాక కాదు, బాగానే వచ్చు. కానీ క్లాసులో అందరూ ఒక్కొక్కటిగా లెక్కపెడుతుంటే ఇది జతల్లో లెక్కపెడితే పాపం అదే కదా తికమకపడేది. ఒంటిగా ఉండే వస్తువులతో ఆడించండి. నోటితో వల్లె వేయించడం కాదండీ, ఒక్కోటీ చేత్తో పట్టుకుని ఆడాలి. నెల పోయాక మళ్లీ తీసుకురండి."

ఈ మాటను తాత ఒక చెవితో విని ఇంకో చెవితో వదిలేసేవాడే. ఆయన లెక్కలో ఉన్నది ఒకటే కాబట్టి కాసేపు అందులోనే తిరిగింది.

బడి గేటు దాటగానే కూతురు ఆగింది. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"నాన్నా, ఆ బడిలో సాయంత్రం దాకా ఆటల క్లాసు ఉందట. గోళీలు, పూసలు పెట్టి లెక్కలు నేర్పుతారట. నెల తర్వాత కూడా ఇది ముక్కు అర అంటే, బడి అయ్యాక అందులోనే వేసేస్తా. ఇక కొట్టుకి పంపను."

"దానికేం... పిల్ల బాగు కదా ముఖ్యం," అన్నాడు తాత. పైకి అన్నది అది. ఆ స్టూలు మళ్లీ ఖాళీ అవుతుందన్నది తప్ప ఇంటికి వెళ్లేదాకా ఇంకేమీ తోచలేదు.

మర్నాడే రంగంలోకి దిగాడు. టీచరు ఏది వద్దందో సరిగ్గా దానితోనే మొదలుపెట్టాడు. నిచ్చెన రెండో మెట్టు మీద పిడుగుని నిలబెట్టి ఒకటి నుంచి వంద వరకూ వల్లె వేయించాడు. పిల్లకు నోరు మంచిది, వారం తిరిగేసరికి గుక్క తిప్పుకోకుండా వంద దాటేసింది. గడియారాలాయన భూతద్దం కంట్లో ఉండగానే వచ్చి చప్పట్లు కొట్టాడు.

"చూశావా? పిల్ల కాదు, పిడుగు!" తాత మీసం తడుముకున్నాడు. "ఏదమ్మా, ఆ డబ్బాలోంచి నాలుగు బకిల్స్ తీసి ఈ తాతకియ్యి."

పిడుగు ఎనిమిది తీసి ఇచ్చింది.

"వందొచ్చింది కానీ నాలుగు రాలేదన్నమాట," అని గడియారాలాయన తన కొట్టులోకి జారుకున్నాడు. 

తాత పళ్లు నూరుకున్నాడు. సరే, జతల మాటే ఎత్తకూడదు. ఆ సాయంత్రం పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, కుడిచేతిలో ఒక చెప్పు, ఎడమచేతిలో దాని జోడు పట్టుకున్నాడు.

"ఇది ఒకటి," అన్నాడు కుడిచెయ్యి ఎత్తి. "ఇది... ఇదొకటి." ఆ రెండో ముక్క అనేసరికి ఆయనకు చెమటలు పట్టాయి. ఇన్నేళ్లలో ఎన్నడూ ఆడని అబద్ధం ఆడుతున్నట్టనిపించింది.

"అర కాదా?"

"కాదు. ఇవాళ్టి నుంచి ఏదైనా సరే, విడిగా ఉంటే ఒకటి. మాట దాటావంటే చూడు!"

పిడుగు మాట దాటే రకం కాదు. అదే కొంప ముంచింది.

మరో రెండు రోజులకు వీధి చివర ఆఫీసులో పనిచేసే పొడుగావిడ వచ్చింది. నల్లబూట్లు వేసుకుని అటూ ఇటూ నడిచి చూసుకుంది. నచ్చాయి. "ఇవి ఒకటి కట్టెయ్యి పాపా," అని తను ఫోనులో పడింది. సంచిలో పెట్టడం పిడుగు పని, అది దాని ఉద్యోగం. తాత అటక మీద ఉన్నాడు. పిడుగు ఒక బూటు తీసుకుంది, సంచిలో పెట్టింది, మూతి కట్టింది, నవ్వుతూ అందించింది. 

పొడుగావిడ మర్నాడు పొద్దున్నే ఊడిపడింది. ఒక చేతిలో నల్లబూటు, కాళ్లకు ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు.

"ఏమండీ, కొత్త పైఅధికారి వస్తున్నాడు ఇవాళ. ఒంటికాలి మీద నిలబడి దండం పెట్టమంటారా?"

తాత కాళ్లావేళ్లా పడి, రెండోది వెతికిచ్చి, పైన ఒక జత లేసులు ఊరికే ఇచ్చి, ఆవిణ్ణి గుమ్మం దాటించాడు. ఆవిడ సగం కోపంతో, సగం నవ్వుతో వెళ్లింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటే ఇదే. మధ్యాహ్నం పిడుగు రావడమే ఆలస్యం, తాత ఆ మంటంతా దాని మీద చూపించాడు.

"నీకసలు బుద్ధుందా? ఒకటంటే రెండని తెలీదా?"

పక్కకొట్టులో ఏదో చిన్న మర కింద పడిన చప్పుడు, దాని వెంటే గడియారాలాయన నవ్వు వినిపించాయి. తను అన్న మాట తాతకూ అప్పుడే వినిపించింది. మెత్తబడదామనుకునేలోపే పిడుగు కింది పెదవి బయటికొచ్చేసింది.

"విడిగా ఉంటే ఒకటని నువ్వే చెప్పావ్. నువ్వే తిడుతున్నావ్. నీతో కచ్చి."

వెళ్లి మూలనున్న గోనెసంచి వెనకాల కూర్చుంది. బయట వాన పట్టుకుంది. కొట్టులోకి ఒక్క నరమానవుడు రాలేదు. తాత పలకలు తుడిచాడు, తుడిచినవే తుడిచాడు. స్టూలు ఖాళీగా ఉంది. నెల తర్వాత రోజూ ఇలాగే ఉంటుంది కాబోలనుకున్నాడు, ఆ ఊహకే చేతిలో గుడ్డ బరువెక్కింది. పిల్ల మీద అరిచినందుకు తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

కాసేపటికి సంచి కదిలింది. పిడుగు ఒంటి చెప్పులను ఒక్కొక్కటే బయటికి లాగి, బేరగాళ్లు కూర్చునే పొడుగు బల్ల మీద వరసగా పేర్చడం మొదలుపెట్టింది. మడమ అరిగిన గోధుమరంగు బూటు, పట్టీ తెగిన ఆడవాళ్ల చెప్పు, పసిపిల్లల ఎర్రబూటు, ఎలక రుచి చూసి వదిలేసిన పాత షూ. పేర్చాక పెట్టెల్లోని పల్చటి కాగితం చింపి ముక్కలు చేసింది.

"ఏం చేస్తున్నావే?" తాత మెల్లగా మాట కలిపాడు.

కచ్చి ఇంకా పోలేదు, కానీ ఆటకు మనిషి కావాలి కదా. "బస్సు. నేను కండక్టర్ని. నువ్వు డ్రైవరువి, ముందు కూర్చో. వెనక్కి చూడకూడదు."

తాత బల్ల చివర కూర్చుని స్టీరింగు పట్టుకున్నాడు. వెనక పిడుగు ఒక్కో చెప్పులోనూ ఒక్కో కాగితం ముక్క దూరుస్తోంది. "మీకు టికెట్. మీకు టికెట్. జరగండి లోపలికి. మీకు టికెట్."

వద్దనుకుంటూనే తాత నోరు ఊరుకోలేదు. "ఒంటివాటికి టికెట్లేమిటే? అవి లెక్కలోకి రావుగా."

"ఎందుకు రావు? సీట్లో కూర్చున్నాయిగా."

"కూర్చుంటే మాత్రం?"

"సీటు నిండిందిగా తాతా! ఇంకెవరైనా వస్తే అక్కడ కూర్చోలేరుగా. మరి మనిషి లేడని ఎలా అంటాం?"

డ్రైవరు ఎలాగైనా ఒక మాట నెగ్గాలని లేచివెళ్లి పలక మీంచి ఒక పెళ్లికొడుకు బూటు, అటక మీంచి దాని జోడు తెచ్చి బస్సెక్కించాడు. "ఇదిగో, జత. వీళ్లకి టికెట్ ఒకటే."

"రెండు."

"జతే, జతకి ఒకటి!"

పిడుగు నడుం మీద చేతులు పెట్టుకుంది. అచ్చం వాళ్ల అమ్మమ్మ నిలబడినట్టే నిలబడింది. "నువ్వూ అమ్మమ్మా బస్సెక్కితే ఒకే టికెట్ తీసుకునేవాళ్లా?"

తాత రెండే తీసుకునేవాడు. ఆవిడ కిటికీ పక్క సీటు కోసం ఆయనతో పోట్లాడేది కూడా. పెళ్లైన కొత్తలో ఓ సారి "మీ లెక్క ప్రకారం ఒకటే తీసుకోండి, నేను నడిచొస్తా" అని దిగిపోయింది. ఇంత చిన్న సంగతి ఇన్నేళ్లలో బుర్రకు ఎందుకు తట్టలేదా అని ఆశ్చర్యపోయాడు.

"రెండే తీసుకునేవాణ్ణి," అన్నాడు.

"మరి!" అని కండక్టరు రెండు టికెట్లు చింపింది. అంతలోనే మొహం చిట్లించింది. "అయ్యో, టికెట్లైపోయాయి. ఒకాయనకి తక్కువైంది."

"ఎవరికి?"

చివర్న ఉన్న గోధుమరంగు బూటు. మడమ అరిగింది, నోరు కాస్త తెరుచుకుని ఉంది. తాత దాన్నే కాసేపు చూశాడు. తర్వాత కొత్తపెట్టె తెరిచి, అందులోని కాగితం చింపి, తన చేత్తోనే దానికి టికెట్ ఇచ్చాడు.

"ఇప్పుడు అందరికీ సరిపోయాయా?"

"ఉండు, చూస్తా." పిడుగు వేలు పెట్టి ఒక్కొక్కరినీ తడుతూ పోయింది. ఒకటి, రెండు, మూడు. వేలొకటి, మాటొకటి, బూటొకటి. వంద వరకూ వల్లె వేసిన నోరు ఆ రోజు తొమ్మిది దగ్గర ఆగింది, ఎందుకంటే బస్సులో ఉన్నది తొమ్మిది. ఆగిందని చూసి తాత స్టీరింగు వదిలేసి హారను కొట్టాడు.

ఆనాటి నుంచి రోజూ ఆ బస్సు తిరిగింది. గడియారాలాయన పని మానుకుని మరీ చెకింగ్ ఇన్‌స్పెక్టర్‌గా ఎక్కేవాడు. "ఏమ్మా కండక్టరూ, మార్కెట్ దగ్గర ముగ్గురు దిగారు. ఎంతమంది ఉన్నారు?" అని దబాయించేవాడు. పిడుగు మూడు బూట్లు కిందికి దింపి, మిగిలినవి చూసి చెప్పేది. నాలుగు రోజులకు దింపకుండానే చెప్పింది. ఒకసారి ఇన్‌స్పెక్టరే తప్పు లెక్కపెడితే అతన్నే ఫైను కట్టమని గొడవ చేసింది, ఆయన భూతద్దం జప్తు చేసింది. బేరగాళ్లు వస్తే నిలబడే చూసుకోవాల్సి వచ్చేది, కూర్చునే బల్ల బస్సైపోయింది మరి. ఈ చెప్పులవాడికి పిచ్చి పట్టిందని మందుల షాపువాళ్లు అనుకున్నారు. అనుకోనీ, వాళ్లకేం పోయింది.

పిల్లకు వస్తున్న కొద్దీ తాతకూ అంటుకుంది. ఒకరోజు గడియారాలాయన టీలెన్నని అడిగితే ఆలోచించకుండా "రెండు" అన్నాడు. దారికొచ్చిన టీ అతను నాలుగు గ్లాసులు తెచ్చిపెట్టాడు.

"అన్నయ్యా, ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు గడియారాలాయన నిజంగానే భయపడి.

నెల గడిచింది. మళ్లీ బడి, మళ్లీ అదే గది. పిల్లల కుర్చీలు తప్ప వేరేవి లేకపోవడంతో తాత మోకాళ్లు గడ్డానికి తగిలేలా కూర్చున్నాడు. ఈసారి కొత్త చొక్కా లేదు, మురుపూ లేదు. రాత్రంతా నిద్ర లేదని కళ్లే చెబుతున్నాయి. కూతురు పక్కన కూర్చుని ఆటల క్లాసు కాగితం మడిచి విప్పి, విప్పి మడుస్తోంది.

"చెవులెన్ని, బంగారం?" టీచరు అడిగింది.

"రెండు."

"ముక్కు?"

"ఒకటి. చిల్లులు రెండు."

టీచరు నవ్వి గోళీల డబ్బా ముందుకు తోసింది. "నాకు ఏడు గోళీలిస్తావా?"

పిడుగు ఒక్కో గోళీ తీసి ఆవిడ చేతిలో పెడుతూ లోలోపల ఏదో గొణిగింది. దగ్గరగా వంగితే వినిపిస్తోంది, "టికెట్, టికెట్" అంటోంది. ఏడు పెట్టింది, ఆగింది. టీచరు చెయ్యి ఇంకా చాపే ఉంచింది, అది పరీక్ష. పిడుగు డబ్బా మూత పెట్టేసి "బస్సు నిండింది" అంది. కూతురు చేతుల్లో కాగితం మడత ఆగిపోయింది.

"మరి మీ ఇంట్లో ఎంతమంది?"

పిడుగు వేళ్లు ముడిచింది.

"అమ్మ ఒకటి. నాన్న రెండు. తాత మూడు. నేను నాలుగు."

మూడు. ఆ అంకె ఆయన జీవితంలో కొన్ని వేలసార్లు విని ఉంటాడు. ఇంత తియ్యగా ఎప్పుడూ వినలేదు. తల పక్కకు తిప్పుకుని గోడ మీద ఏనుగు బొమ్మను శ్రద్ధగా చూడసాగాడు.

"పోయినసారి తాత లెక్కలోకి రాడన్నావుగా?" టీచరు ఊరుకోలేదు.

"సీట్లో కూర్చున్నాడుగా టీచర్," అంది పిడుగు, ఇది కూడా తెలీదా అన్నట్టు.

"బాగుంది. ఒకటే అడుగుతా ఇంక. మీ కొట్టు లెక్కలో అయితే ఎంతమంది?"

పిడుగు తాత వైపు చూసింది. చెప్పొచ్చా అని అడిగింది కళ్లతోనే. తాత తలాడించాడు.

"రెండు. అమ్మా నాన్నా ఒకటి. నేనూ తాతా ఒకటి."

ఏనుగు బొమ్మ మసకబారింది. అయినా ఆ మనిషి చెప్పులవాడు, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. జత లెక్క చెవిన పడగానే నోరు దానంతటదే లేచింది.

"మనకి సైజు కలవదే, పిడుగూ. నా కాలు చూడు, నీ కాలు చూడు. అది జత ఎలా అవుతుంది?"

పిల్లల చెప్పులు కొనడానికి వచ్చిన ప్రతి తల్లికీ తాత చెప్పే మాట ఒకటుంది. వదులుగా ఉన్నాయేమో అని ఆవిడ సందేహిస్తే, మెడ పక్కకు వాల్చి, "పెరిగే కాలమ్మా, కంగారు పడకండి" అంటాడు. స్టూలు మీద కూర్చుని రోజూ వింటున్నదే కదా. పిడుగు అచ్చంగా అలాగే మెడ వాల్చింది.

"పెరిగే కాలు తాతా, కంగారు పడకు. నేను పెరుగుతాగా." అంతలోనే ఏదో అనుమానం వచ్చినట్టు ఆగి, వేలు చూపించింది. "నువ్వు మాత్రం ఇక పెరక్కు. పెరిగావనుకో, నేను అందుకోలేను."

టీచరు కళ్లజోడు నెత్తి మీదికి పోయింది. కూతురు ఆటల క్లాసు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సంచిలో అడుక్కి తోసేసింది.

"నాన్నా," అంది, గొంతు సర్దుకుని. "రేపట్నుంచి బడి అవగానే నేరుగా కొట్టు దగ్గరే దింపుతా. సరేనా?"

తాత ఆ చిన్న కుర్చీలోంచి లేవబోతే కుర్చీ కూడా ఆయనతోపాటే లేచింది. పిడుగు వెనకనుంచి దాన్ని పట్టుకుని లాగుతూ, "మాటియ్యి తాతా, పెరగనని," అంది.

"పెరగన్లే," అన్నాడు జతల తాత.